జోగులమ్మ కాలు

కరెంటు స్తంభం సగం ఎక్కేసరికి లైన్‌వుమన్ జోగులమ్మకు పెట్టిన, కంప్యూటరుతో నడిచే మరకాలు బిగుసుకుపోయింది. ఈ వారంలో ఇది మూడోసారి. తోటివాళ్ళు తాడు కట్టి దింపారు.

మరమ్మతు దుకాణంలో మెకానిక్ నస్రీన్ ఆ కాలు విప్పి, దాని తెర చూసింది.

“మెమరీ చాలుతలేదక్కా. తక్కువైనప్పుడల్లా డిస్కును వాడుకుంటుంది. అది నిదానం కదా, అందుకే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఇందుల రెండు ప్రోగ్రాములున్నయి, ఒకటి తీసెయ్యాలె. కోలాటమా, స్తంభం ఎక్కుడా?”

జోగులమ్మ కూర్చోలేక ఒంటికాలి మీద లేచి, గోడ పట్టుకుని నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

“ఎక్కుడు తియ్యి.”

“మరి నీ కొలువు?”

“ఆఫీసుల కూసుండి చేసే పని అడుగుత.” ఆమె గొంతు తగ్గింది. “పోయినేడు పడ్డకాన్నించి పైకెక్కుడంటే భయమైతుంది. ఎవ్వరికీ చెప్పలే.”

నస్రీన్ ‘ఎక్కుడు’ తీసేసే మీట నొక్కింది.