ముడికో మట్టిముద్ద

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు ఇద్దరు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతున్నారు. ముసలివాడు ఒక ముడి వేయగానే దానికి తడిమట్టి ముద్ద అంటించి వదిలేసేవాడు. గాలి వచ్చి ఊపినా ముడి నిలిస్తేనే ఇంకో ముడి వేసేవాడు.

"ఎందుకు మామా ఈ చాదస్తం? గూడంతా అయ్యాక ఒక్కసారే చూసుకుంటే పోలా?" అన్నాడు పడుచు గిజిగాడు. ముసలివాడు ముక్కులో ఉన్న గడ్డిపోచతో ఇంకో ముడి బిగించాడు.

పడుచువాడి గూడే ముందు పూర్తయింది. నచ్చితే కాపురం పెడదామని వచ్చిన ఆడపిట్ట లోపలికి దూరి గట్టిగా గెంతింది. గూడు ఊడి వాగులో పడింది. ఆడపిట్ట తడిసిన రెక్కలతో ఒడ్డుకు చేరి, "ఏ ముడి జారింది?" అని అడిగింది. వాడికి తెలియలేదు. అన్నీ బాగానే వేశానన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఒక్క ముడి వేసి, దానికి ఆవగింజంత మట్టి అంటించాడు. నిలిచింది. "చూశావా!" అని ఈల వేశాడు.

"దాన్ని పరీక్షించడం అనరు, బుజ్జగించడం అంటారు. నా బరువంత పెట్టు," అంది ఆడపిట్ట.

వాడు మట్టి మోసి మోసి పెద్ద ముద్ద చేశాడు. గాలి వీచగానే ముడి జారిపోయింది. వాడు తల వేలాడేశాడు.

ఆడపిట్ట మాత్రం పక్క కొమ్మ మీద స్థిమితంగా సర్దుకుని కూర్చుంది.

"జారితే జారనీ. లోపల ఇంకా గుడ్లు లేవుగా. మళ్ళీ వెయ్యి."