కోట గుమ్మంలో చప్పట్లు

“పైకి చేరగానే మూడు చప్పట్లు కొట్టండి. ఇక్కణ్ణుంచి నేనూ మూడు కొడతాను. మీ చప్పట్లు వినబడకపోతే మాత్రం నా ప్రయాణం లేదు, అంతే!” అందావిడ, కోట గుమ్మంలో టికెట్లు చింపే కుర్రాడి పక్కన, రాతి అరుగు మీద చతికిలబడుతూ.

“ఊళ్ళో పిల్లలందర్నీ పరిగెత్తించినవాణ్ణి. నాకే పరీక్ష పెడతావుటోయ్?” అన్నాడు ఆవిడ భర్త, డ్రిల్లు మాస్టారు, టోపీ సర్దుకుంటూ.

పైకి నవ్వాడే కానీ కళ్ళు మాత్రం మెట్లు లెక్కపెడుతున్నాయి.

దూరాన ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి. ప్రయాణం పనికిరాదంది డాక్టరు. తల్లే వెళ్ళి రెండు మూడు నెలలు ఉండి రావాలి. కానీ ఎండల్లో మాస్టారు మార్కెట్లో కళ్ళు తిరిగి పడిపోయినప్పటి నుంచీ ఆవిడ ఆయన్ని ఒంటరిగా వదలడం లేదు. పాల ప్యాకెట్టుకి వెళ్ళినా కిటికీ దగ్గరే నిలబడి ఉంటుంది. “మా నాన్నా ఇలాగే, ఇప్పుడే వస్తానని వెళ్ళాడు...” అని మొదలుపెట్టిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

పోనీ మీరూ రండి అంటే ఆయన ససేమిరా అన్నాడు. “అల్లుడి రెండు గదుల కొంపలో నన్నెక్కడ పెడతారు? అటక మీదా?”

చివరికి ఈ పందెం కుదిరింది. సెలవురోజు సరదాగా కోట చూసినట్టూ ఉంటుంది, మాస్టారి ఒంట్లో సత్తువ తేలినట్టూ ఉంటుంది. గుమ్మం కింద కొట్టిన చప్పట్లు కొండ కొసన కూలిన మండపంలో వినిపిస్తాయి, అక్కడ కొట్టినవి ఇక్కడా వినిపిస్తాయి. పూర్వం కాపలావాళ్ళు అలాగే కబుర్లు పంపుకునేవారట.

మొదటి మలుపు దాకా మాస్టారు కవాతు చేస్తున్నట్టే ఎక్కాడు. రెండో మలుపులో ఎవరో ఛాతీ మీద బండరాయి పెట్టినట్టయింది. సగం కూలిన గోడ పక్కన, మొలలోతు గడ్డి మధ్య, నాచు పట్టిన మెట్టు మీద కూలబడ్డాడు.

తల ఎత్తి చూశాడు. మండపం ఇంకా ఆకాశంలోనే ఉంది.

చప్పట్లు వినిపించకపోతే ఆవిడ వెళ్ళదు. పురిటిమంచం మీద పిల్ల అమ్మ కోసం తలుపుకేసి చూస్తూ ఉంటుంది. తన మూలాన!

ఈల ఊదుకుంటూ కాపలావాడు ఎక్కొచ్చాడు. “ఏం తాతగారూ, అప్పుడే మజిలీయా?”

“పైకేనా నాయనా? ఓ సాయం చేసిపెట్టు. మండపంలో నిలబడి మూడు చప్పట్లు కొట్టు.”

“ఎందుకండీ?”

“కింద మా ఆవిడ వింటోంది. డ్రిల్లు మాస్టారు కోట ఎక్కలేకపోయాడంటే ఏం బాగుంటుంది చెప్పు?”

కాపలావాడు పగలబడి నవ్వాడు. “మాస్టారై ఉండి నాతో కాపీ కొట్టిస్తున్నారా! సరే, పాసైపోండి.”

అతను వెళ్ళాక కింద మలుపులో గాజులు గలగలమన్నాయి. మాస్టారు గతుక్కుమని గోడ చాటుకి ఒదిగాడు. ఎవరూ రాలేదు. ఎవరో కొత్త జంట కాబోలు.

కాసేపటికి పైనుంచి మూడు చప్పట్లు వినిపించాయి. కింద ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయన చెవులు రిక్కించాడు. అనుమానం వచ్చిందా? కంగారులో తూలి పడిందా? లేచి పరిగెత్తబోతుండగా గుమ్మం దగ్గర్నుంచి పిడుగుల్లా వినిపించాయి, మూడు.

“అమ్మయ్య! ఈవిడ చేతులకి ఇంత బలమెక్కడిదీ!” అనుకున్నాడు.

ఎక్కి దిగడానికి పట్టేంతసేపు అక్కడే కూర్చుని, ఆ తర్వాత దర్జాగా దిగాడు.

అరుగు మీద ఆవిడ రొప్పుతోంది.

“కూర్చున్నదానివి, నీకెందుకా ఆయాసం?”

“ఎదురుచూడ్డమంటే మాటలా? పైన ఎలా ఉంది?”

“చూడాల్సిందే! ఊరంతా అగ్గిపెట్టెలు పేర్చినట్టుంది.”

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆయన్ని వెనక్కి తిప్పి, పంచెకంటిన నాచు దులిపింది. వంగి, తన చీర కుచ్చిళ్ళకు అంటుకున్న గడ్డి ముళ్ళు ఒక్కొక్కటే పీక్కుంది.

“రైలుకి రెండు టికెట్లు తీసుకోండి. మీరూ నాతో వస్తున్నారు.”

“అదేమిటోయ్! మాటంటే మాటే కదా. చప్పట్లు విన్నావా, లేదా?”

“విన్నాను.”

“మరి?”

“అటక మీదైనా సరే, నా కళ్ళ ముందు పడుకుందురుగాని.” ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పందెం గెలిచి కూడా ఓడిపోవడమేమిటో మాస్టారికి అంతుబట్టలేదు. గొణుక్కుంటూ గుమ్మం దాటుతుంటే, టికెట్లు చింపే కుర్రాడు అరచేతులు రుద్దుకుంటూ ఎదురొచ్చాడు.

“అమ్మగారూ, మీ బదులు చప్పట్లు గట్టిగానే కొట్టానండీ!”