చేతులు మాత్రమే

బెంగళూరు ఫైనల్లో సింధూర ఓడిపోయిన రోజుకి నూజివీడు మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. ఆ తర్వాత ఆమె కార్డు ముట్టలేదు. ఇప్పుడు కాయ కోతకొచ్చింది.

"మాస్టారూ, లైన్లో ఉన్నారా?" ఫోన్లోంచి, ఆటలో సింధూరకి జోడీ అయిన సలోమోను అడిగాడు.

"ఉన్నాను. ఆడు."

సింధూర తండ్రి బసవపున్నారావు స్టాండుకి బిగించిన ఫోన్‌ని కాస్త కిందికి వంచాడు. దూరంగా ఉన్న ఇద్దరు ఇలా సాధన చేసేటప్పుడు బల్ల, కార్డులు, చేతులు కనిపిస్తే చాలు. మొహాలతో పని లేదు.

అవి పేకముక్కలు కావు. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ, దాని కింద ఆ కార్డు ఏం చేయగలదో చెప్పే నాలుగు ఇంగ్లీషు వాక్యాలు ఉంటాయి. ఎవరి కట్టని వాళ్లే కార్డు కార్డుగా కూర్చుకుని పోటీకి వెళ్తారు. సింధూర పదో తరగతిలో ఉన్నప్పుడు ఆ వాక్యాలు పట్టుకుని ఇంగ్లీషు మాస్టారైన తండ్రి దగ్గరికి వచ్చేది. విడదీసి చెప్పీ చెప్పీ ఆయనకీ ఆట వచ్చేసింది. ఇంజనీరింగ్ చదివి, చేరిన ఉద్యోగం మానేసి, ఆటే తన వృత్తి అని ఆమె చెప్పిన రోజున ఆయన కాదనలేదు.

తోట కౌలుకి చేసే ఇన్నయ్య మాత్రం మొదట్లో నవ్వేవాడు. "తోటల్లో పేకాడేవాళ్లని పోలీసులు తరుముతుంటే, మీరు ఇంట్లోనే బల్ల వేశారేంటండీ మాస్టారూ!" ఆమె ఫొటో పేపర్లో పడ్డాక మాట మార్చాడు. "అమ్మాయిగారు ఈసారి ఏ దేశమండీ?"

"డ్రాగన్‌ని దింపాను మాస్టారూ. దీనికి తనేం వేస్తుందో సింధూరని అడగండి," అన్నాడు సలోమోను.

బసవపున్నారావు లేచి కూతురి గదిలోకి వెళ్లాడు. కాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి, చేతిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా బలమైన కార్డుని పక్కన పారేశాడు.

 సలోమోను గట్టిగా నవ్వాడు. "అదీ! ఇంత తెగింపు తనకే ఉంటుంది. ఓడిపోయాను మాస్టారూ."

ఫోన్లో కార్డులు సర్దుతున్న అతని చేతులు ఆగాయి.

"నా మీద ఇంకా కోపంగానే ఉందా?"

"లేదు."

"ఎందుకుండదండీ? ఫైనల్‌కి ముందు తన కట్టలోంచి ఒక మంచి కార్డు తీసెయ్యమన్నది నేను. అది ఉంటే గెలిచేది. బస్సెక్కించేటప్పుడు కూడా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు తన ఫోన్‌కి చేస్తే మీరే ఎత్తుతున్నారు."

బసవపున్నారావు తన కార్డులు ఏరుకున్నాడు. ఆ ఓటమి తర్వాత సలోమోను మొదటిసారి ఫోన్ చేసినప్పుడు, "తను బల్ల దగ్గరికి రాదు బాబూ," అని మాత్రం అన్నాడాయన. "పోనీ లోపలినుంచి చెప్పమనండి, మీరు వెయ్యండి," అన్నది సలోమోనే. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఇలాగే జరుగుతోంది.

"సింగపూర్లో జోడీల పోటీకి ఈ నెలాఖరులోగా పేర్లివ్వాలి. తను రాకపోతే నేనూ వెళ్లను. ఈ మాట చెప్పండి మాస్టారూ."

ఫోన్ పెట్టేశాక గుమ్మంలోంచి భార్య ప్రమీలారాణి అంది. "ఎన్నాళ్లండీ ఇలా? ఆడేది మీరేనని ఆ పిల్లాడికి చెప్పెయ్యండి."

"చెబుతాను."

"సింధూర ఇక ఆడదని చెప్పండి. వేరే జోడీని వెతుక్కుంటాడు. అతనికీ అదేగా బతుకుతెరువు?"

"ఆ మాట నోటికి రావడం లేదు ప్రమీలా."

"అన్నేళ్లు పిల్లలకి మాటలు నేర్పారు," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇన్నయ్య వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. కౌలుకిచ్చినా ఇంటికోసమని ఒక రసాల చెట్టు ఉంచుకోవడం వాడుక. ఆ ఇంట్లో అది సింధూర చెట్టు.

"అమ్మాయిగారి చెట్టుకి మేం చెయ్యి పెట్టలేదండీ. పండి రాలిపోతున్నాయి. కోయించమంటారా?"

"ఉండనీ ఇన్నయ్యా."

గురువారం పొద్దున్నే సలోమోను ఫోన్ చేశాడు. "బస్సులో ఉన్నాను మాస్టారూ. హనుమాన్ జంక్షన్లో దిగుతాను. తనకి చెప్పకండి, పారిపోతుంది."

బసవపున్నారావు వద్దనబోయి ఆగాడు. "ఎండగా ఉంటుంది. నేనొచ్చి తీసుకెళ్తాను," అన్నాడు.

జంక్షన్లో మామిడికాయల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. బస్సు దిగిన కుర్రాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఒకరినొకరు చూడటం అదే మొదటిసారి. సలోమోను మాస్టారి మొహం వైపు కాక ముందు చేతుల వైపు చూసి నవ్వాడు.

"ఈ చేతుల్ని ఎక్కడున్నా గుర్తుపడతానండీ."

"టిఫిన్ చేశావా బాబూ?"

"ఇంటికెళ్లాక తింటానండీ. ముందు తనకి సారీ చెప్పాలి. ఒక్క ఆట ఆడమంటాను. రానంటే బలవంతపెట్టను మాస్టారూ, నిజంగా. తన నోటితో ఒక్కసారి తిడితే చాలు."

బసవపున్నారావు అతని బ్యాగు అందుకుని స్కూటరు ముందు పెట్టుకున్నాడు. "ఎక్కు," అన్నాడు.

నూజివీడు రోడ్డు మీద బండి చాలా నెమ్మదిగా వెళ్తోంది. రెండు వైపులా తోటలు మొదలయ్యాయి. వెనకనుంచి సలోమోను మాట్లాడుతూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి మాస్టారు రోడ్డు పక్కకి తీసి బండి ఆపాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు," అని మళ్లీ స్టార్ట్ చేశాడు.

"ఈపాటికి లేచి ఉంటుందా మాస్టారూ?"

బసవపున్నారావు రోడ్డు మీదే చూపు పెట్టి బండి నడిపాడు.

సింధూర చనిపోయిందని అతనికి ఇంకా చెప్పలేదు.