చప్పుడు చేయని పెట్టె

"కాస్త మెల్లగా... దొరగారు ఇప్పుడే పడుకున్నారు" అంది ఆమె, తలుపు తీస్తూనే.

కంప్యూటర్ మెకానిక్ చెప్పులు బయటే విడిచి, పిల్లిలా అడుగులేసుకుంటూ లోపలికొచ్చాడు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల కింద నల్లటి పెట్టె. అందులో ఫ్యాన్లు పిండిమరలా హోరెత్తుతున్నాయి. కట్టబోయే ఇళ్ళకి బొమ్మలు గీయడం ఆమె పని. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ పెట్టె వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ అరుస్తుంది.

"నీళ్ళతో చల్లబరిచేది పెడితే చప్పుడే ఉండదన్నారు కదా?"

"ఉండదమ్మా. గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూ వేడిని లాగేస్తాయి. ఫ్యాన్లున్నా నెమ్మదిగా తిరుగుతాయి. చెవి ఆనిస్తే తప్ప వినపడవు."

"అదే కావాలి. ఈ హోరులో ఆ గదిలో ఏం జరుగుతోందో నాకు తెలియట్లేదు."

ఆ గది తలుపు ఓరగా వేసి ఉంది. మాట్లాడుతున్నది అతనితోనే అయినా ఆమె కళ్ళు అటే ఉన్నాయి.

అతను అప్పుడు చూశాడు ఆమెను సరిగ్గా. నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. దువ్వెన తగిలి ఎన్నాళ్ళయిందో తెలియని జుట్టు. చెంపమీద పచ్చిగా గోటి గీరు. అతని చూపు పసిగట్టి ఆమె చెంప తడుముకుంది.

"దొరగారి ప్రతాపం" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇలాంటి ఇళ్ళు అతనికి కొత్త కాదు. వాళ్ళ అక్క కూడా ఒకప్పుడు ఇలాగే నవ్వేది. బావ గొంతు దూరం నుంచి విన్నా అతనికి ఇప్పటికీ కాళ్ళలో వణుకే.

తొందరగా పని ముగించుకుని బయటపడదామనుకున్నాడు. పెట్టె ఆపి పక్కరేకు ఊడదీశాడు. పాత ఫ్యాన్‌నీ, దాని కిందున్న లోహపు దిమ్మెనీ తీసి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టుని గుడ్డతో తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ ఒళ్ళో ఉన్న మరమేకు జార్చుకున్నాడు. అది రేకుమీద పడి ఖంగుమంది.

లోపలినుంచి దడదడా ఏదో తన్నిన చప్పుడు.

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"లేచారా?" అన్నాడు, మరమేకు ఏరుకుంటూ.

"లేదు. నిద్రలో కూడా తన్నడమే."

"తాగి... పడుకున్నారా?" అడక్కూడదనుకుంటూనే అడిగేశాడు.

"కడుపునిండా తాగారు. తాగితే ఫరవాలేదు, తాగకపోతేనే ఇల్లు పీకి పందిరేస్తారు. రాత్రయితే తాగిందంతా నామీదే కక్కేశారు." బాల్కనీ వైపు చెయ్యి చూపించింది. తీగమీద తడి దుప్పట్లు వరసగా వేలాడుతున్నాయి.

"ఇంట్లో ఇంకెవరూ ఉండరా అమ్మా?"

"పగలంతా మేమిద్దరమే."

అతను మళ్ళీ పనిలో పడ్డాడు. వేడిని బయటికి వదిలే రేడియేటర్ని పెట్టె పైకప్పుకి బిగించాడు. గొట్టాలు మడత పడకుండా మెల్లగా వంచాడు. కొత్త పేస్టు రాసి, దానిమీద నీళ్ళు తిప్పే పంపుని కూర్చోబెట్టాడు. కళ్ళు మూసుకుని చేసేంత అలవాటైన పని. అయినా స్క్రూడ్రైవర్ మాటిమాటికీ జారిపోతోంది.

"మీవాళ్ళకి చెప్పలేదా?"

"చెప్పకేం? కొన్నాళ్ళు ఓర్చుకో, అన్నీ అవే సర్దుకుంటాయి అంటుంది మా అమ్మ. డాక్టరుదీ అదే మాట. నాకే భయం. కన్ను మూస్తే భయం, బాత్రూమ్‌కి వెళ్తే భయం. మొన్న ఈ పెట్టె గోలలో నాకు వినపడనే లేదు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే..." ఓరగా ఉన్న తలుపు వైపు చూసింది. "ఆసుపత్రిలో పడ్డాం."

అతను తల దించుకున్నాడు. ఇప్పుడర్థమైంది. ఆమె కోరుకున్నది ప్రశాంతత కాదు. ఆ మనిషి మంచం దిగిన సంగతి ముందే తెలియాలి. అడుగులు గుమ్మం దాకా రాకముందే తెలియాలి.

"అమ్మా, ఏ అవసరమొచ్చినా ఫోన్ చెయ్యండి. ఎంత పొద్దుపోయినా వస్తాను."

ఆమె కంగారుగా చూసింది. "ఏం, మళ్ళీ రిపేరొస్తుందా?"

"దీనికి కాదమ్మా..." అన్నాడు. ఓరగా ఉన్న ఆ తలుపు వైపు చూసే ధైర్యం కూడా అతనికి చాల్లేదు.

చివరి మరమేకు బిగించి పెట్టె ఆన్ చేశాడు. లోపల నీలంగా దీపం వెలిగింది. ఆమె తన బొమ్మల్లోకెల్లా పెద్దది తెరిచింది. ఇదివరకైతే ఈపాటికి గోడలు అదిరిపోయేవి. ఇప్పుడు కిటికీ తెర కదిలినా తెలుస్తోంది.

"చూశారా?" అన్నాడు.

ఆమె మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తింది. మెడ సాచి ఆ గది వైపు చెవి పెట్టింది. అతనూ విన్నాడు. చిన్న అలికిడి కూడా లేదు.

"మంచి నిద్రలో ఉన్నట్టున్నారు" అన్నాడు గుసగుసగా, గండం గడిచినట్టు.

ఆమె ముఖంలో నెత్తుటిచుక్క లేదు. మరుక్షణం కుర్చీని తోసేసి పరుగెత్తింది. వీధి తలుపు వైపు కాదు, ఆ గదిలోకే.

"వద్దమ్మా, ఆగండి!"

కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అయినా ఈసారి అతను ఆగలేదు. స్క్రూడ్రైవర్ పిడికిట్లో బిగించి, ఏదైతే అదయిందని ఆమె వెనకే గదిలోకి దూకాడు.

తొట్టిమంచంలో నీలంగా మారుతున్న మూడు నెలల పసివాడి అరికాలిని ఆమె వేలితో మీటింది, మళ్ళీ మీటింది, ఆగిపోయిన ఊపిరి అందుకుని దొరగారు ఇల్లు ఎగిరిపోయేలా కెవ్వుమన్నారు.