యాభై రెండు రాణులు

పేక ముక్కలు సుకుమార్ చేతిలోంచి జారి స్టేజీ మీద చెల్లాచెదురయ్యాయి.

కింద కుర్చీలు వేస్తున్న పెద్దాయన గబగబా మెట్లెక్కి వచ్చి ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

"వద్దొద్దు, నేను తీసుకుంటాను" అన్నాడు సుకుమార్ కంగారుగా.

అప్పటికే ఆయన నాలుగు ముక్కలు తిరగేసి చూశాడు. నాలుగూ ఆఠీను రాణులే.

"మొత్తం యాభై రెండూ రాణులేనాండీ?" నవ్వాడు పెద్దాయన.

సుకుమార్ ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో క్లర్కు. మ్యాజిక్ అంటే సరదా. కూతురు తబిత 'మా నాన్న మ్యాజిక్ చేస్తారు' అని క్లాసంతా చాటేసింది. దాంతో ఆన్‌లైన్లో ఈ పేక తెప్పించుకుని, నిన్ననే హెడ్మాస్టరు రమేష్ బాబుకి ఫోన్ చేసి, స్కూలు వార్షికోత్సవంలో పదిహేను నిమిషాలు అడిగాడు.

"స్పెషల్‌గా ప్రింట్ చేసినవండి" అన్నాడు ముక్కలు లాక్కుంటూ. "ఎవరేది తీసినా రాణే వస్తుంది. వెనకవైపు చూస్తే షాపులో దొరికే ఎర్ర పేకకీ దీనికీ తేడా తెలీదు."

"సుళువేనండి. కానీ చూసేవాళ్ళ చేతికి ఇవ్వలేం కదండీ?"

"ఇవ్వడం దేనికి?"

"మామూలు పేకైతే ఎవరడిగినా ఇచ్చేయొచ్చండి. పని చేసేది చెయ్యి కాబట్టి. దీంట్లో పనంతా ముక్కే చేసేస్తుంది. చేతికి ఏమీ రాదు."

సుకుమార్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆఫీసు. ఏళ్ళ తరబడి సాధన చెయ్యడానికి తీరికెక్కడిది? నాలాంటివాళ్ళ కోసమే ఇవి చేశారు."

"అదీ నిజమేనండి" అన్నాడు పెద్దాయన, వాదించకుండా.

"ముందు వరస వంకరగా ఉంది. అది చూసుకోండి."

ఆయన తలూపి, మెట్లు దిగి, ముందు వరస సరిచేశాడు.

మూడింటికి హాలు నిండిపోయింది. తబిత ముందు కుర్చీలో కూర్చుంది. పక్కనే రిటైరైన లెక్కల టీచరు జ్ఞానమ్మగారు.

సుకుమార్ స్టేజీ దిగి, పేకని విసనకర్రలా విప్పి ఆవిడ ముందు పట్టాడు.

"ఒక ముక్క తీసుకోండి మేడమ్. నాకు చూపించొద్దు."

ఆవిడ తీశారు. సుకుమార్ మళ్ళీ స్టేజీ ఎక్కి, కళ్ళు మూసుకుని, నుదురు రుద్దుకుని, "ఆఠీను రాణి!" అన్నాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

జ్ఞానమ్మగారు మాత్రం కళ్ళజోడు సర్దుకున్నారు.

"బాగుంది బాబూ. మిగతా ముక్కలు కూడా ఒకసారి ఇలా ఇవ్వండి."

"అంటే... మేడమ్..."

"ఊరికే చూసి ఇచ్చేస్తాను."

"ఇవ్వండంకుల్!" పిల్లలు అరిచారు.

తబిత లేచి నిలబడింది. "ఇచ్చెయ్ నాన్నా! చూసుకోనీ!"

ఆ పిల్ల మొహంలో అనుమానమనేదే లేదు. అదే సుకుమార్‌ని కోసేసింది. పేకని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

అంతలో పెద్దాయన గ్లాసు పట్టుకుని స్టేజీ ఎక్కాడు.

"నీళ్ళు తాగండి బాబూ. అది ఇలా ఇవ్వండి, మేడమ్‌గారికి అందిస్తాను."

వద్దనేలోపే గ్లాసు సుకుమార్ చేతిలోకీ, పేక ఆయన చేతిలోకీ మారిపోయాయి. భుజం మీద తువ్వాలు జారిపోతే సర్దుకుంటూ, ఆయన మెట్లు దిగి వెళ్ళి పేకని జ్ఞానమ్మగారికి ఇచ్చేశాడు.

అయిపోయింది అనుకున్నాడు సుకుమార్. తబిత వైపు చూడలేక గ్లాసులోకి చూశాడు.

జ్ఞానమ్మగారు ఒక్కో ముక్కా ఒళ్ళో పేర్చుకుంటూ లెక్కపెట్టారు.

"యాభై ఒకటి" అన్నారు చివరికి. "దేనికదే వేరు. లేనిదల్లా నేను తీసిన రాణి ఒక్కటే. ఒప్పుకున్నాను బాబూ!"

ఈసారి చప్పట్లు చాలాసేపు ఆగలేదు. తబిత స్టేజీ మీదకి పరుగెత్తుకొచ్చి తండ్రి నడుం చుట్టేసింది.

సుకుమార్ నవ్వాడు. రుమాలు కోసం కోటు జేబులో చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది.

తన పేక. అన్నీ రాణులే.

రెండొందల మంది చూస్తుండగా పెద్దాయన పేక మార్చేశాడు. ఎప్పుడు మార్చాడో, జేబులో ఎప్పుడు వేశాడో సుకుమార్‌కే తెలీదు. పైగా ఆయన దగ్గరున్న మామూలు పేకలోంచి ఆఠీను రాణిని ముందే తీసి దాచాడు. అంటే ఇలా జరుగుతుందని ఆయనకి ముందే తెలుసు. ముందు వరస సరిచెయ్యమని విసుక్కున్నవాడి కోసం అంతా సిద్ధం చేసుకుని, గ్లాసుతో సహా తెర పక్కన నిలబడ్డాడు.

షో అయ్యాక కప్పిన సన్మానం శాలువాతోనే సుకుమార్ హాలు వెనక్కి పరుగెత్తాడు. వంటగది దగ్గర లేడు. గేటు దగ్గరా లేడు.

హెడ్మాస్టరు ఎదురొచ్చారు.

"సార్, కుర్చీలు వేసిన పెద్దాయన ఏరండీ?"

"వీరబ్రహ్మంగారా? జంగారెడ్డిగూడెం బస్సుకి టైమవుతోందని ఇప్పుడే వెళ్ళిపోయారండి."

"ఆయన మీ స్కూల్లో పని చెయ్యరా?"

రమేష్ బాబు ఇబ్బందిగా చూశారు.

"లేదండి. మీకు చెప్పొద్దన్నారు... ఇవాళ్టి మ్యాజిక్ షోకి నెల్లాళ్ళ కిందటే మేం పిలుచుకున్న మెజీషియన్ ఆయనేనండి. మీ ఫోన్ సంగతి చెబితే, 'ఆ పాప వాళ్ళ నాన్నే చెయ్యాలండీ' అని, కుర్చీలు వేసే పని తీసుకున్నారు."