వెచ్చని ఏప్రాన్

ఏ ఆసుపత్రిలో నర్సు తక్కువైతే అక్కడికి వెళ్లి కొన్నాళ్లు పనిచేసి రావడం శ్రీదుర్గ ఉద్యోగం. ఈసారి గుంటూరు. గుండెలోకి సన్నటి తీగలు పంపి, తప్పిన లయను సరిచేసే ల్యాబ్. మిరప కోతల రోజులు కావడంతో వరండా దాకా ఘాటు.

చీకటి పడ్డాక, మర్చిపోయిన కళ్లజోడు కోసం ల్యాబ్ తాళం తీసింది. గోడకి వేలాడే, ఎక్స్-రే కిరణాలు తగలకుండా తొడుక్కునే సీసపు ఏప్రాన్లలో ఒకదానికి చెయ్యి తగిలింది. వెచ్చగా ఉంది. పొద్దుటినుంచీ కేసుల్లేవు, ఏసీలో ఆ సీసం మంచులా ఉండాలి. మెడపట్టీ మీద పేరు చూసింది. కనకలక్ష్మి. తను ఎవరి స్థానంలో వచ్చిందో ఆవిడే. ఆవిడ సంగతి ఎవరినడిగినా మాట మార్చేవాళ్లు.

శ్రీదుర్గ బయటికొచ్చి తాళం వేసింది. గుమ్మం దగ్గర ఆయా పున్నమ్మ కూర్చుని ఉంది.

"పున్నమ్మా, నిజం చెప్పు. లోపలికి ఎవరెళ్లారు?"

"ఎవరెళ్తారు సిస్టరమ్మా? తాళంచెవి మీ దగ్గరేగా!"

అప్పుడే తలుపు వెనక 'చర్ర్' మంది. ఏప్రాన్ తొడుక్కోబోతూ వెల్‌క్రో పట్టీ ఊడదీసే చప్పుడు. తను రోజూ వినేదే.

శ్రీదుర్గ నోరు తెరవబోయింది. పున్నమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"నెమ్మదమ్మా. లోపల కేసు నడుస్తా ఉంది."