బాలమణి గారి అలక

అత్తగారు అలిగితే మామూలు ఇళ్ళలో కోడలితో మాట్లాడటం మానేస్తారు. బాలమణి గారు దేవుడితో మానేశారు.

రేణుకి అదే ఒళ్ళు మండుతోంది. ఆరు నెలలు ఉండి వెళ్దామని ఏలూరు నుంచి వచ్చిన మనిషి. షికాగో దగ్గర ఈ నేపర్‌విల్ చలిలో కూడా తెల్లారేసరికి స్నానం చేసి దీపం పెట్టే మనిషి. అలాంటిది తొమ్మిది రోజులుగా పూజ అలమర వైపు కన్నెత్తి చూడలేదు. ఆదివారం అందరూ అరోరాలో కొత్తగా కట్టిన గుడికి బయల్దేరితే "మీరెళ్ళి రండి" అన్నారు. ఆవిడ కొడుకు జగదీష్ పుట్టినరోజుకి రేణు చేతులు కాల్చుకుని మైసూర్‌పాక్ చేస్తే ముక్క కూడా ముట్టలేదు.

"మనవరాలు నాలుగు మాటలంటే, మైసూర్‌పాక్ ఏం పాపం చేసింది అత్తయ్యా?"

"ఉండనీవే. శుక్రవారం తింటాలే."

అలకకి గడువు తేదీ కూడా ఉంటుందని రేణుకి అప్పుడే తెలిసింది.

ఆ నాలుగు మాటలు నిజానికి నలభై దాకా ఉంటాయి. గతవారం మంగళవారం, పదహారేళ్ళ శాంతిని స్కూల్ వాళ్ళు బస్‌లో తీసుకెళ్ళారు. హిట్లర్ చంపించిన యూదుల జ్ఞాపకంగా షికాగో అవతల పెట్టిన మెమోరియల్‌కి. హిస్టరీ టీచర్ మిసెస్ ఫెల్డ్‌మన్ ఒక్కో పిల్లకీ ఒక్కో కార్డు ఇచ్చింది. పోయినవాళ్ళలో ఒకరి పేరు, వయసు. శాంతి కార్డు మీద: రూత్, తొమ్మిదేళ్ళు.

శాంతి ఏడుస్తూ గరాజ్‌లోంచి వచ్చింది. తలుపు దగ్గర నానమ్మ ఆ కార్డు చదివించుకున్నారు.

"ఈ పిల్ల తాలూకు వాళ్ళు ఏమయ్యారే?"

"అందర్నీ చంపేశారు నానమ్మా. ఒక్కళ్ళు కూడా లేరు ఆ ఫ్యామిలీలో."

బాలమణి గారు ఆ పేరు, వయసు ఇంకోసారి చదివించుకున్నారు. తర్వాత తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"అక్కడే ఆగు. ఏదీ ముట్టుకోకు. బేస్‌మెంట్‌లో తలమీంచి నీళ్ళు పోసుకో. ఆ బట్టలు వాషర్‌లో పడేసి అప్పుడు పైకి రా."

శాంతి ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఎందుకు? వాళ్ళు డర్టీ, అదేనా? హిట్లర్ కూడా అదే చెప్పాడు నానమ్మా! డర్టీ పీపుల్ అని చెప్పాడు! నువ్వూ సేమ్!"

"ముందు నీళ్ళు పోసుకో అమ్మడూ" అన్నారావిడ. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మెమోరియల్ చూశాక ఏమనిపించిందో రాయమంటే శాంతి ఇలా రాసింది: "అన్ని లక్షల మందిని మామూలు మనుషులు ఎలా చంపగలిగారని మా టీచర్ అడిగారు. జవాబు నాకు మా గరాజ్‌లో దొరికింది. చచ్చిపోయిన యూదుల పేరు కూడా మా ఇంట్లో అంటు."

మిసెస్ ఫెల్డ్‌మన్ ఆ కాగితం మీద ఎర్రసిరాతో ఒక్క ముక్క కూడా రాయలేదు. నేరుగా ఫోన్ చేసింది. బుధవారం సాయంత్రం స్కూల్ లైబ్రరీలో శాంతి దాన్ని చదువుతుందట. తల్లిదండ్రులంతా వస్తారట. హిట్లర్ క్యాంపుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ పెద్దవాళ్ళూ వస్తారట. "మీ అత్తగారు కూడా వచ్చి వింటే బాగుంటుంది" అంది. బాగుంటుంది అన్న మాట అంత కోపంగా అనొచ్చని రేణు ఎప్పుడూ అనుకోలేదు.

"చదవకే తల్లీ" అని బతిమాలింది కూతుర్ని. "రేపటి నుంచి ఊరంతా నానమ్మని హిట్లర్ చుట్టం అంటారు."

"అననీ మమ్మీ! ఫ్యాక్టే కదా!"

మొగుడితో చెప్తే పేపర్ ఇంకాస్త పైకెత్తుకున్నాడు. ఇక మిగిలింది అత్తగారు.

"చావు దగ్గర్నుంచి వస్తే ఎవరైనా స్నానం చేస్తారని దానికి ఒక్క మాట చెప్పొచ్చుగా మీరు?"

"అదొక్కటే అయితే చెప్పేదాన్నే" అన్నారు బాలమణి గారు.

రేణుకి ఇంకా ఒళ్ళు మండింది. గుడికి రానన్న మనిషి, లైబ్రరీకి మాత్రం అందరికంటే ముందు స్వెట్టర్ తొడుక్కుని కార్‌లో కూర్చున్నారు.

శాంతి మైక్ ముందు నిలబడి చదివింది. ఒక్క మాటా మింగలేదు. గరాజ్ దగ్గరకొచ్చేసరికి తలలన్నీ వెనక వరసలో ఉన్న ఒకే ఒక్క చీర వైపు తిరిగాయి.

మిసెస్ ఫెల్డ్‌మన్ ముఖం కందిపోయింది.

"మా అమ్మమ్మ ఆ క్యాంపుల్లోనే పోయింది" అంది రేణుతో. "ఆవిడ పేరు విన్నా మీరు ఒళ్ళు కడుక్కోవాలా? అడగండి. నాకు జవాబు కావాలి."

రేణు చెవులు కాలిపోతుండగా తెలుగులో అడిగింది. బాలమణి గారు ముందున్న కుర్చీ పట్టుకుని లేచారు. తెలుగులోనే, మెల్లగా, నిమిషంలోపే చెప్పేశారు. కూర్చున్నారు.

రేణు ఇంగ్లీషులో చెప్పబోయింది. మొదటి మాట దగ్గరే ఆగి శాంతి వైపు చూసింది.

"ఏమన్నారు?" టీచర్ గద్దించింది. "చెప్పండి!"

"నేను చెప్తాను" అంది శాంతి. మైక్ ముందు నుంచి కదలకుండా నానమ్మనే చూస్తోంది.

"నేను రాసింది తప్పు, రూత్ పోయాక చెయ్యాల్సింది చెయ్యడానికి వాళ్ళవాళ్ళు ఎవరూ మిగల్లేదని, మా ఇళ్ళలో సొంత మనిషి పోతేనే స్నానంతో మొదలుపెట్టి పట్టే పది రోజుల మైల మా నానమ్మ పట్టింది, ఇవాళ తొమ్మిదో రోజు."